మోడు చిగిర్చే పద్యం: కష్టకాలంలో ఒక పద్యాన్ని మనకోసం చదువుకోవడం ఎలా?

2020 జూన్‌లో నా ప్రెస్సులోని మినీ ఆఫ్‌సెట్ మిషన్ను నలుగురు మనుషులు చిన్న లారీలోకి ఎక్కిస్తున్నారు. పదహారేళ్ళు నడిపిన ప్రెస్సు అది. సగం బతుకు శుభలేఖల మీదే. ఆ ఏడు మార్చి చివర కరోనా లాక్‌డౌన్‌తో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఆర్డర్లు ఇచ్చినవాళ్ళే వచ్చి అడ్వాన్సు వెనక్కి అడిగారు. మూడు నెలల అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు పనివాళ్ళ జీతాలు మీద పడేసరికి మిషన్ను ఇంచుమించు పాత ఇనుము ధరకే ఇచ్చేశాను. పక్క వాటాలో ఉండే తెలుగు మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తూ ఈ పద్యం చదివారు:

ఖండితంబయ్యు భూజంబు వెండి మొలచు
క్షీణుడయ్యును నభివృద్ధి జెందు సోము
డివ్విధమున విచారించి యెడలు దెగిన
జనములకు దాప మొందరు సాధుజనులు

"నరికినా చెట్టు మళ్ళీ మొలుస్తుంది, తరిగినా చంద్రుడు మళ్ళీ పెరుగుతాడు నాయనా, అది ఆలోచించుకున్న మంచివాళ్ళు కుంగిపోరు" అన్నారు. మర్యాద కోసం తలూపాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. లారీ కదిలిపోతుంటే చెట్లూ చంద్రుడూ ఏమిటి?

పద్యం తప్పు కాదు, మాస్టారి తప్పూ కాదు. ఒకరు మనకు అప్పజెప్పిన అర్థం మన చేతికి అంటదు, అంతే. మూడు నెలల తర్వాత ఆ పద్యాన్ని నా అంతట నేను మళ్ళీ తీశాను. అప్పుడు ఏం చేశానో ఒక్కో మెట్టుగా చెబుతాను. మీకు వేరే పద్యమో, గేయమో, వచన కవితో నచ్చవచ్చు. పద్ధతి మాత్రం పెద్దగా మారదు.

మొదటి మెట్టు: పద్యాన్ని ఎంచుకోవడం

చిన్నది తీసుకోండి. నాలుగు పాదాలు చాలు. కష్టంలో ఉన్నవాడికి ఓపిక తక్కువ, ఖండకావ్యాలు తర్వాత చూసుకోవచ్చు. రెండో సంగతి కొంచెం విడ్డూరంగా ఉంటుంది. మీకు హాయిగా అనిపించిన పద్యం కంటే మిమ్మల్ని కాస్త చిరాకు పెట్టిన పద్యమే మంచిది. హాయినిచ్చే పద్యం చదవగానే కరిగిపోతుంది. చిరాకు పెట్టింది మాత్రం ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది, ఎక్కడో కనుక్కోవాలి.

ఈ పద్యం భర్తృహరి సంస్కృత నీతిశతకంలోని శ్లోకానికి తెలుగు. చేసినవాడు 18వ శతాబ్దపు ఏనుగు లక్ష్మణకవి, గోదావరి జిల్లాలవాడు. ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా అదే శతకాన్ని తెలుగు చేశారు గానీ బడి పుస్తకాల పుణ్యమా అని మన నోళ్ళలో నిలిచింది ఎక్కువగా లక్ష్మణకవి పద్యాలే. ఇంతకు మించిన చరిత్ర ఇప్పటికి అక్కర్లేదు. కవి జీవితంలోకి వెళ్తే మన జీవితం నుంచి తప్పించుకునే దారి దొరుకుతుంది. నేను చాలాసార్లు ఆ పనే చేశాను.

రెండో మెట్టు: గుర్తున్నంత మేరకు చేత్తో రాయడం

పుస్తకం చూడకుండా రాయండి. తప్పులు రావాలి, అందుకే ఈ పని.

నేను పాత బిల్లు పుస్తకం వెనక రాసిన మొదటి పాదం ఇది: "ఖండితంబైన భూజంబు వెండి మొలచు." తర్వాత పుస్తకంతో పోల్చి చూస్తే అక్కడ "ఖండితంబయ్యు" అని ఉంది. ఒక్క మాట తేడా. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, కాబట్టి చెవి పట్టుకోలేకపోయింది. అర్థంలో మాత్రం చాలా దూరం ఉంది. "ఖండితమైన చెట్టు" అంటే నరకబడటమే ఆ చెట్టుకు గుర్తు, దాని పేరులో భాగం. "ఖండితమయ్యు" అంటే నరకబడి కూడా, నరకబడినప్పటికీ. అప్పుడు నరకడం చెట్టుకు జరిగిన ఒక సంగతి మాత్రమే, చెట్టు పేరు చెట్టే.

ఆ రోజుల్లో నన్ను నేను "ప్రెస్సు పోగొట్టుకున్నవాడు" అని పరిచయం చేసుకుంటున్నాను. బస్సులో, బ్యాంకులో కూడా అంతే. నా చెయ్యి "ఐన" అని రాయడంలో వింతేమీ లేదు. మీ తప్పు మీకు ఏం చెబుతుందో నేను చెప్పలేను. కానీ ఎక్కడ మాట మారిందో, ఎక్కడ పాదం మర్చిపోయారో అక్కడ గీత గీసి పెట్టుకోండి.

తర్వాత సరైన పాఠాన్ని పక్కనే రాసి పైకి చదవండి, రాగం లేకుండా. రాగం పద్యానికి అందమే గానీ మాటల్ని కప్పేస్తుంది. ప్రతి పాదం చివర ఊపిరి ఆపండి. అప్పుడు ఒక చిత్రం బయటపడుతుంది. రెండో పాదం చివర "సోము" దగ్గర మాట తెగిపోయింది. "డు" అనే అక్షరం మూడో పాదంలోకి వెళ్ళి అతుక్కుంది. చంద్రుడు పాదం అంచున సగమై కింది పాదంలో నిండుతున్నాడు! ఆ వెంటనే "యెడలు దెగిన" దగ్గర వాక్యం కూడా తెగి, "జనములకు" అంటూ కిందికి దిగింది. తెలుగు పద్యంలో మాట పాదం దాటడం మామూలే. కవి కావాలని చేశాడని నేను వాదించను. చదివేవాడి చెవికి తగిలింది కదా, అది చాలు.

మూడో మెట్టు: మాటల్ని విప్పడం

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పాత పద్యాల్లో తెలియని మాటలతో చిక్కు లేదు, నిఘంటువు తీస్తాం. తెలిసినట్టు కనిపించే మాటలే మోసం చేస్తాయి. దగ్గర్లో శబ్దరత్నాకరం నిఘంటువో, బ్రౌన్ దొర నిఘంటువో ఉంటే సరే, లేకపోతే ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులు చాలావాటిని ఒకేచోట వెతకవచ్చు.

"వెండి" అంటే ఇక్కడ లోహం కాదు, "మళ్ళీ". సంస్కృత మూలం "ఛిన్నోఽపి రోహతి తరుః క్షీణోఽప్యుపచీయతే పునశ్చంద్రః" అని మొదలవుతుంది. అక్కడ "పునః", అంటే "మళ్ళీ" అన్న మాట చంద్రుడి దగ్గర ఉంది. లక్ష్మణకవి దాన్ని తీసి చెట్టుకు ఇచ్చాడు. పైగా మూలంలో చెట్టు "రోహతి", అంటే పెరుగుతుంది, పైకి లేస్తుంది, మొలుస్తుంది అని కూడా. తెలుగులో "మొలచు" ఒక్కటే. మొలవడం విత్తనం చేసే పని, కింద నుంచి మొదలు పెట్టడం. నరికిన చెట్టు ఆగిన చోటి నుంచి పెరగదు, మొదటి నుంచి మొలుస్తుంది. ఇది నాకు ఊరట కంటే ముందు ఉలికిపాటు కలిగించింది. నలభై దాటాక మళ్ళీ మొలవాలా?

"తాపము" అంటే దుఃఖం అని తాత్పర్యాల్లో రాసేస్తారు. అసలు అర్థం వేడి, మంట. తాపం పొందరు అంటే ఏడవరు అని కాదు, కాలిపోరు అని. ఏడవడానికి ఈ పద్యం అడ్డు చెప్పడం లేదు. మాస్టారు పద్యం చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిందని చెప్పాను కదా. పద్యం మాట్లాడుతున్నది సరిగ్గా ఆ మంట గురించే. అది తెలిశాక నవ్వొచ్చింది.

అన్నిటికంటే విలువైన మాట "విచారించి". ఇవాళ "విచారంగా ఉన్నాడు" అంటే దిగులుగా ఉన్నాడని. పాత వాడుకలో విచారించడం అంటే ఆలోచించడం, పరిశీలించడం. కోర్టు విచారణలో, "అడ్రసు విచారించాను" అన్న మాటలో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఒకే మాట దిగులుకూ ఆలోచనకూ ఎలా సరిపోయిందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రెండిట్లోనూ ఒకే విషయం చుట్టూ తిరుగుతాం కాబట్టి కావచ్చు. మూలంలో ఇక్కడ "విమృశంతః" అని ఉంది. మన "విమర్శ" ఆ ధాతువు నుంచి వచ్చిందే. అంటే ఈ పద్యంలోని సాధుజనులు నమ్మకంతో ఊరుకున్నవాళ్ళు కాదు, చెట్టునూ చంద్రుణ్ణీ చూసి లెక్క కట్టినవాళ్ళు. ఆశ ఇక్కడ ఒక స్వభావం కాదు, ఒక పని. స్వభావం లేనివాళ్ళు కూడా పని చేయవచ్చు.

"యెడలు దెగిన జనములకు" అన్నది కొంచెం మొండి మాట. "ఎడతెగని వాన" అంటాం కదా, మధ్యలో తెంపు లేని వాన. ఆ తెంపు వచ్చినవాళ్ళు, ఆపదతో చెదిరిపోయినవాళ్ళు అని నేను తీసుకున్నాను. మీ పద్యంలోనూ ఇలాంటి మొండి మాట ఒకటి ఉంటుంది. దాన్ని దాటేయకండి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి ఉంచండి.

నాలుగో మెట్టు: మీ కష్టాన్ని ఒక్క వాక్యంలో రాయడం

విశేషణాలు లేకుండా రాయాలి. "దారుణంగా", "అన్యాయంగా" లాంటి మాటలు వద్దు. అంకెలు ఉంటే అంకెలు వేయండి. నేను రాసింది: "ప్రెస్సు మూసేశాను, అప్పు నాలుగు లక్షలు, పాప ఇంటర్ చదువుతోంది." మొదటి ప్రయత్నంలో పేజీన్నర వచ్చింది. అందులో సగం ఇంటి ఓనరు మీద కోపమే. దాన్ని చింపలేదు, కానీ పద్యం పక్కన పెట్టడానికి అది పనికిరాదు. నాలుగు పాదాల పక్కన నిలబడాలంటే మన మాట కూడా అంత పొదుపుగా ఉండాలి.

ఐదో మెట్టు: చెట్టా, చంద్రుడా?

ఈ మెట్టు కోసమే మిగతావన్నీ అనవచ్చు. కవి రెండు పోలికలు ఎందుకు ఇచ్చాడు? ఒకటి చాలదా? చాలదు, ఆ రెండూ ఒకటి కావు.

అమావాస్య నాడు చంద్రుడికి పోయిందేమీ లేదు. గోళం నిండుగా అలాగే ఉంది, మనవైపున్న ముఖం మీద వెలుగు పడటం లేదంతే. ఇరవై తొమ్మిదిన్నర రోజుల లెక్క అది. ఎప్పుడు మళ్ళీ పున్నమో పంచాంగంలో ముందే అచ్చయి ఉంటుంది. (ఆ పంచాంగాల్లో కొన్ని నేనే అచ్చు వేశాను.) చెట్టు సంగతి అలా కాదు. నరికిన కొమ్మ నిజంగా పోయింది. వచ్చే చిగురు కొత్తది, వేరే చోట వస్తుంది, వేరే వంపు తిరుగుతుంది. ఎప్పుడు వస్తుందో తేదీ లేదు. జామాయిల్ తోట కొట్టించిన రైతును అడగండి. మోడు చుట్టూ గుత్తిగా పిలకలు లేస్తాయి. వాటిలో బలమైన ఒకటి రెంటిని ఉంచి మిగతావి కోసేస్తారు. పాత మాను మళ్ళీ రాదు, పాత వేళ్ళ మీద కొత్త మాను వస్తుంది.

ఇప్పుడు మీ వాక్యాన్ని తీసుకుని ఒక్కో ముక్కనూ అడగండి: ఇది చంద్రుడి లెక్కా, చెట్టు లెక్కా? అప్పు నాలుగు లక్షలు చంద్రుడి లెక్క. నెలకు ఇంత కడితే ఫలానా ఏడాదికి తీరుతుంది, కాగితం మీద తేదీ వేయవచ్చు. పాప చదువు కూడా అంతే. ప్రెస్సు మాత్రం చెట్టు. అది తిరిగి రాదు. పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాక కూడా చాలామంది శుభలేఖలు ఫోన్లోనే పంపుతున్నారు. మూడు నెలలుగా నేను ప్రెస్సును చంద్రుడనుకుని ఎదురుచూస్తున్నానని, అప్పును చెట్టనుకుని భయపడుతున్నానని ఆ రోజు తెలిసింది. ఎదురు చూడాల్సిన చోట ఏడ్చాను, ఏడ్చి వదిలేయాల్సిన చోట ఎదురు చూశాను.

ఒక పూట ఈ ఒక్క మెట్టుకే కేటాయించండి. కొన్ని కష్టాలు రెండు లెక్కల్లోనూ పడతాయి. ఉద్యోగం పోవడం జీతం మేరకు చంద్రుడు, ఆఫీసులో సంపాదించుకున్న పేరు మేరకు చెట్టు. విడదీసి రాసుకోవాలి.

ఆరో మెట్టు: పద్యంతో తగువు పెట్టుకోవడం

ఇంతవరకు పద్యానికి మర్యాద ఇచ్చాం. ఇక నిలదీయాలి. నిలదీయకుండా నమ్మిన పద్యం రెండో దెబ్బకు నిలవదు.

నేను అడిగింది ఇది: నరికితే అన్ని చెట్లూ మొలుస్తాయా? మొలవవు. వేప, చింత, రావి మోడు చిగిరిస్తుంది. తాటి చెట్టుకూ కొబ్బరికీ ఆ వరం లేదు. వాటికి ఎదుగుదల అంతా తలమీది మొవ్వులోనే. మొవ్వు పోతే మానంతా ఉన్నా చెట్టు చచ్చినట్టే. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో మొవ్వు విరిగిన కొబ్బరి చెట్లు చిగురించలేదు. రైతులు కొత్త మొక్కలు నాటి, కాపు కోసం ఏళ్ళు ఆగారు. కొబ్బరి తోటల సీమకు అంత దగ్గరవాడైన లక్ష్మణకవికి ఈ సంగతి తెలియదని అనుకోలేం. అయినా "భూజంబు" అని ఊరుకున్నాడు.

కాబట్టి మూడో లెక్క ఒకటి పెట్టుకోవాలి: తాటి చెట్టు లెక్క. మా మేనత్త కొడుకు పోయాడు. ఆవిడ ముందు ఈ పద్యం నేను ఎప్పటికీ చదవను. అక్కడ మళ్ళీ మొలిచేది లేదు. నాటుకోవడం ఉంటే ఉంటుంది, అది వేరే చెట్టు. దానికి పాత పేరు పెట్టకూడదు. మీ వాక్యంలో ఇలాంటి ముక్క ఉంటే ఈ పద్యాన్ని దాని మీద రుద్దకండి. దానికి వేరే పద్యం కావాలి, లేదా కొన్నాళ్ళు ఏ పద్యమూ వద్దు.

నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదనిపించే స్థితిలో ఉంటే పద్యాలతో కాలయాపన చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో నిలదీత కూడా ఉంది. తాపం పొందనివాళ్ళు "సాధుజనులు" అయితే, మండిపోయిన నేను అసాధువునా? చాలా రోజులు ఇది బాధించింది. ఇదే కవి మరో పద్యంలో మొదలుపెట్టిన పని వదలనివాళ్ళను "ధీరుల్" అన్నాడు. అది పెద్ద మాట, వీరుల మాట. ఇక్కడ ఆ మాట వాడలేదు. సాధువు అంటే ఒద్దికైనవాడు, సాధు జంతువు అన్నట్టు. వాక్యం కట్టు కూడా చూడండి: ముందు విచారిస్తారు, తర్వాత తాపం పొందరు. ఆ విచారణ ఎన్నాళ్ళు పడుతుందో పద్యంలో లేదు. నాకు మూడు నెలలు పట్టింది.

ఏడో మెట్టు: మీ మాటల్లో తిరగరాయడం

పద్యం మూసి, అందులోని ఒక్క మాట కూడా వాడకుండా మీ పని, మీ ఇల్లు, మీ వీధిలోని వస్తువులతో ఆ భావాన్ని రాయండి. చెట్టు స్థానంలో ఏం పెడతారు? చెరకు రైతయితే కార్శి తోట, అంటే కొట్టేసిన చెరకు మోళ్ళ నుంచి మళ్ళీ లేచే తోట అంటాడు. కుట్టుపని చేసే ఆవిడ విప్పిన కుట్టు అనవచ్చు. బాగుండాలన్న నియమం లేదు, నిజంగా ఉండాలి. నేను రాసినది:

"మిషను పోయింది. మిషను ముందు పదహారేళ్ళు నిలబడి ప్రూఫులు చూసిన కళ్ళు పోలేదు."

ఈ రెండు వాక్యాలు రాసేదాకా నా వేళ్ళు ఏవో నాకు తెలియదు. వేరు మిషనే అనుకున్నాను. ఆ వారమే, నాకు తెలిసిన ఇద్దరు రచయితలకు ఫోను చేసి పుస్తకాలకు ప్రూఫులు చూసి పెడతానన్నాను. ఒకరు ఒప్పుకున్నారు. తర్వాత కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ పని కూడా మొదలైంది, ఇంట్లోనే, పాప చదువుకునే బల్ల మీదే. సంపాదన ప్రెస్సు రోజులంత లేదు. పిలక కదా.

రాసిన కాగితాన్ని ఎక్కడైనా దాచండి. పర్సులో వద్దు, రోజూ కనిపిస్తే పాతబడుతుంది. నాది బిల్లు పుస్తకంలోనే ఉంది. ఆరు నెలలకోసారి తీసి మళ్ళీ చదువుతాను. రెండేళ్ళ కింద "అభివృద్ధి" దగ్గర ఆగాను, కిందటేడు ప్రశ్న గుర్తు పెట్టిన "యెడలు" దగ్గర. ఒకేసారి అన్నీ దొరకాలన్న తొందర వద్దు.

ఎవరికైనా చదివి వినిపించాలనిపిస్తే, వాళ్ళ ఇంటి ముందు లారీ ఆగి ఉన్నప్పుడు మాత్రం వద్దు.

నేను మాస్టారికి చూపించాను. బిల్లు పుస్తకం తెరిచి చెట్టూ చంద్రుడూ తాటిచెట్టూ లెక్కలన్నీ వివరించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని నిదానంగా చదివారు. వెనక పేజీలో, రెండు వాక్యాల్నీ ఆ పద్యం ఛందస్సైన తేటగీతిలో పెట్టాలని నేను చేసిన ప్రయత్నం కూడా కనిపించింది. పెన్సిలు అడిగి తీసుకుని ఒకచోట సున్న చుట్టారు.

"భావం సరే నాయనా," అన్నారు, "మూడో పాదంలో యతి తప్పింది."